మిచిజానె కోసం దజాయిఫు వెళ్తే గుడి ఒక్కటే చూసి వచ్చేయకండి

జపాన్‌లో ఫుకుఓకా వెళ్లే మనవాళ్లు చాలామంది దగ్గర్లోని దజాయిఫుకి ఒక పూట ఇస్తారు. గుడి వీధిలో కాసేపు తిరిగి, ఎద్దు విగ్రహం తల నిమిరి, ఫొటోలు దిగి తిరుగు రైలెక్కేస్తారు. ఆ గుడిలో దేవుడిగా పూజలందుకుంటున్న సుగవారా నో మిచిజానె ఒకప్పుడు మనిషి, మంత్రి, గొప్ప కవి. ఆయన కథ కొంచెం తెలుసుకుని వెళ్తే ఆ ఊరే వేరేగా కనిపిస్తుంది.

పుట్టింది 845లో, పండితుల ఇంట. చైనీస్ కవిత్వంలో దిట్ట. అప్పటి జపాన్ చక్రవర్తి ఉదాకి ఆయనంటే చాలా గురి. 894లో తాంగ్ చైనాకి రాయబారిగా నియమిస్తే, అక్కడి పరిస్థితులు బాగాలేవు, ఈ రాయబారాలే ఆపేద్దాం అని చెప్పిన మనిషి. 899లో కుడి మంత్రి అయ్యారు, అంటే ఎడమ మంత్రి తర్వాతి స్థానం. ఎడమ మంత్రి ఫుజివారా నో తొకిహిరా. పండిత కుటుంబం నుంచి వచ్చినవాడు అంత ఎత్తుకి ఎదగడం ఆస్థానంలో బలమైన వంశం ఫుజివారాలకి మింగుడుపడలేదు, 901లో, ఉదా తర్వాత వచ్చిన దైగో చక్రవర్తిని మార్చే కుట్ర చేశాడని నింద వేసి, పేరుకి ఒక పదవి ఇచ్చి దజాయిఫుకి పంపేశారు. 903లో అక్కడే కన్నుమూశారు.

ఫుకుఓకాలో నిషితెత్సు రైలెక్కే స్టేషన్ పేరులోనే తెన్‌జిన్ ఉంది, అది మిచిజానెకి దేవుడయ్యాక వచ్చిన పేరు. ఫుత్సుకాయిచిలో రైలు మారి దజాయిఫు చేరడానికి అరగంట చాలు, టికెట్ 400 యెన్లకు కాస్త పైన. నా సలహా ఏంటంటే ఫుత్సుకాయిచిలోనే దిగి ముందు ఎనోకి-షాకి నడవండి. ప్రవాసంలో ఆయన ఉన్న ఇల్లు ఇక్కడే ఉండేదంటారు. ఇప్పుడు ఒక చిన్న గుడి, కొన్ని చెట్లు, దాని వెనక ఆయనకి అన్నం పెట్టిందని చెప్పే ముసలావిడ పేరున మరో చిన్న గుడి, అంతే. నేను వెళ్లినప్పుడు ఇంకెవరూ లేరు. ఇంటి పైకప్పు కారుతోందని, బట్టలు, కాగితాలు తడిసిపోతున్నాయని రాసుకున్నది ఈ చోటి గురించే. రాజధానిలో ఒక విందులో పద్యం చెబితే అదే దైగో చక్రవర్తి మెచ్చి తన వస్త్రం ఇచ్చారు. సరిగ్గా ఏడాదికి, ఇక్కడ కూర్చుని, ఆ వస్త్రం ఇప్పటికీ నా దగ్గరుంది, రోజూ చేతుల్లోకి తీసుకుని దాని మిగిలిన పరిమళం పీలుస్తున్నాను అని రాశారు. తనని వెళ్లగొట్టిన రాజు మీద ఒక్క పరుషమైన మాట లేదు. అది చదివి అక్కడ నిలబడితే గొంతు పట్టేస్తుంది.

అక్కడి నుంచి తోఫురో. పాత ప్రభుత్వ కార్యాలయం ఉన్న చోటు, పెద్ద మైదానం, స్తంభాల కింది రాళ్లు మాత్రమే మిగిలాయి. టికెట్ లేదు. తోఫురో పెంకుల రంగు మాత్రం కనిపిస్తుంది, కన్‌జెవోన్-జి బౌద్ధాలయం గంట మాత్రం వినిపిస్తుంది అని గడప దాటని ఆ రోజుల గురించి ఆయన రాసిన పద్యం ఉంది. కన్‌జెవోన్-జి పక్కనే, నడిచే దూరం, లోపలి నిధి మందిరంలో మనిషిని మించిన ఎత్తున్న బౌద్ధ విగ్రహాలు ఉన్నాయి, టికెట్ పెట్టి చూడాల్సినవే.

చివరికి తెన్‌మంగూ. మొదట్లో చెప్పిన మిచిజానె గుడి ఇదే, ప్రవేశం ఉచితం. ఫిబ్రవరిలో వేల ఉమె (జపాన్ ప్లమ్) చెట్లు పూస్తాయి, అదే పరీక్షల కాలం కూడా, పిల్లల చదువుల కోసం మనవాళ్లు బాసర వెళ్లినట్టు టెన్షన్ నిండిన మొహాలతో కుటుంబాలు కుటుంబాలే వస్తాయి. ప్రధాన మందిరం 1591 నాటిది. 2023లో మరమ్మతులు మొదలుపెట్టి ముందు తాత్కాలిక మందిరం కట్టారు, దాని పైకప్పు మీద చెట్లే పెంచారు, నాకది చాలా నచ్చింది. మీరు వెళ్లేనాటికి ఏది తెరిచి ఉందో చూసుకోండి. కుడివైపు తొబియుమె ఉంటుంది, యజమాని లేడని వసంతాన్ని మరవకు అని ఆయన వీడ్కోలు చెప్పిన ఉమె చెట్టు ఎగిరి వచ్చి ఇక్కడ వాలిందని కథ.

తిండి విషయానికొస్తే, శాకాహారులకి వీధిలో కాల్చి ఇచ్చే ఉమెగాఎ మోచీ నిశ్చింతగా తినొచ్చు, బియ్యప్పిండి, లోపల తియ్యటి ఎర్ర చిక్కుళ్ల ముద్ద. పెనం మీంచి తీసిన వేడిదే అడగండి, పైన కరకరలాడుతుంది. రామెన్ మాత్రం ఇక్కడ పంది ఎముకల రసంతోనే చేస్తారు.

బస ఫుకుఓకాలోనే మేలు, దజాయిఫు దుకాణాలు సాయంత్రానికే మూసేస్తారు. మేం దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ రెండు పెట్టెలు తెరిస్తే నడిచే చోటు లేదు, మూడు గంటలకి ముందు తాళం ఇవ్వమంటే అదనంగా అడిగారు. సీజన్లో దజాయిఫు స్టేషన్ లాకర్లు త్వరగా నిండిపోతాయి, సామాను హోటల్లోనే వదిలేయండి. క్యూషు నేషనల్ మ్యూజియం కూడా చూడాలంటే సోమవారం పెట్టుకోవద్దు.

క్యోతో కూడా వెళ్తే, అక్కడ మిచిజానెకే కట్టిన కితానో తెన్‌మంగూ 947లో మొదలైంది. ఆయన పోయాక తొకిహిరా చిన్న వయసులోనే చనిపోవడం, 930లో రాజభవనం మీద పిడుగు పడటం చూసి, ఇది ఆయన ఆగ్రహమే అని భయపడి కట్టినది. 1607 నాటి మందిరం చెక్కడాలు దజాయిఫు కంటే అందంగా ఉన్నాయి. ఉమె తోటకి వెయ్యి యెన్లకు పైనే తీసుకుంటారు, అందులోనే టీ, మిఠాయి ఇస్తారు. సిటీ బస్సుల రద్దీ భరించలేం, రాందెన్ ట్రామ్‌లో కితానో-హకుబాయిచో దిగి నడవండి. ప్రతి నెలా 25న ఇక్కడ సంత జరుగుతుంది, పాత కిమోనోలు, పింగాణీ కావాలంటే ఆ రోజే వెళ్లాలి, ప్రశాంతంగా చెక్కడాలు చూడాలంటే ఆ తేదీ తప్పించి ఉదయాన్నే వెళ్లాలి.