స్నో కామో ఎయిర్ రైఫిల్‌కి 4,200 ఎక్కువ పెట్టాను, మీరు పెట్టకండి

ఎయిర్ రైఫిల్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మన శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం, పలాస, టెక్కలి వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లు, ఇది చదివాకే జేబులోంచి డబ్బు తీయండి. ‘స్నో కామో’, ‘వింటర్ కామో’ (మంచులో కలిసిపోయి కనబడదని) అంటూ తెల్లటి మీద బూడిదరంగు కొమ్మల బొమ్మలున్న మోడల్ ఒకటి అమ్ముతున్నారు. నేను కొన్న షాపులో మామూలు నల్ల మోడల్ 9,600, కామోది 13,800. లోపల తుపాకీ మాత్రం ఒకటే.

మా మేనకోడలు కాలేజీలో ఎన్‌సీసీలో చేరింది. ఫైరింగ్‌కి తీసుకెళ్లిన రోజు నుంచి దానికి అదే ధ్యాస. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు 10 మీటర్ల ప్రాక్టీసు చేసుకుంటానంది. కొబ్బరి తోటలో పాత షెడ్డు గోడకి ఇసుక బస్తాలు పేర్చి, ముందు గురి కార్డు తగిలించే ఏర్పాటు చేశాం. 0.177 అంగుళాల బోరుకి (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఆ టెన్షన్ లేదు.

షాపులో కుర్రాడు తెల్లదాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. “సార్, ఫారిన్‌లో వేటగాళ్లు ఇదే వాడతారు. జంతువుకి అస్సలు కనబడదు. పైన కోటింగ్ ఉంది, తుప్పు పట్టదు. చలికాలంలో మీ వైపు పక్షులు కూడా దిగుతాయి కదా.” ఆ ఆఖరి మాటకే నేను లేచి వచ్చేయాల్సింది. మా దగ్గర తేలినీలాపురంలో పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. వాటి మీద పెల్లెట్ పేలిస్తే 1972 వన్యప్రాణి చట్టం సంగతి తర్వాత, ముందు ఊరే ఊరుకోదు. కానీ పక్కన పిల్ల ఆ తెల్ల తుపాకీని వదలడం లేదు. “మావయ్యా, ఇదే” అంది. సరే అన్నాను.

కార్తీకంలో కొన్నాం. సంక్రాంతికి ముందే దాని రంగు బయటపడింది. ఇది బ్యారెల్‌ని (గొట్టాన్ని) కిందికి విరిచి కాక్ చేసే, అంటే లోపలి స్ప్రింగ్‌ని బిగించే రకం. ప్రతి షాటుకీ బ్యారెల్ కొస పట్టుకుని గట్టిగా లాగాలి. రోజుకి యాభై షాట్లంటే యాభైసార్లు అదే చోట చెమట చెయ్యి. మొదట అక్కడ చిన్న బుడగలా లేచింది. రెండో వారానికి అంచు విడిపోయింది. గోటితో లాగితే అప్పడం మీద పొరలా వచ్చేసింది. కోటింగూ లేదు, పాడూ లేదు. అది ప్రింటు వేసిన ప్లాస్టిక్ స్టిక్కరు, బైకు ట్యాంకు మీద వేసే రకం. దాని కింద ఇనుము మీద చింతపండు రసం ఒలికినట్టు తుప్పు మరకలు, వేలికి రజను అంటుకుంటోంది.

నల్ల మోడల్ అయితే వాడాక నూనె గుడ్డతో తుడిచేస్తే సరిపోయేది. దీనికి నూనె రాస్తే స్టిక్కరుకి తగులుతుంది, ఇనుముకి తగలదు. మా ఉప్పుగాలి తేమ మాత్రం అంచుల్లోంచి దూరి లోపలే కూర్చుంటుంది. ఇంకో ఘనకార్యం చూడండి. స్ప్రింగ్ తుపాకీ కొట్టినప్పుడల్లా వెనక్కీ ముందుకీ అదురుతుంది, దాంతో స్టాక్ (భుజానికి ఆనించే భాగం) స్క్రూలు వదులవుతాయి, అప్పుడప్పుడు బిగించుకోవాలి. ఈ మహానుభావులు స్క్రూల మీదుగా కూడా స్టిక్కరు అంటించేశారు. బిగించాలంటే బ్లేడుతో కోయాలి. కోస్తే “మీరే పాడుచేశారు” అంటారు. అన్నారు కూడా.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: “సార్, అది అందం కోసం వేసేది. కాస్మెటిక్‌కి వారంటీ రాదు.” బిల్లు తీసి చూస్తే నిజంగానే ‘డెకరేటివ్ ఫినిష్’ అని ఉంది. అమ్మిన రోజు జంతువుకి కనబడనిది, తుప్పు పట్టనిది. అడిగిన రోజు అందం కోసం.

ఒళ్లు మండి మా బావకి ఫోన్ చేశాను. కెనడాలో అంటారియోలో ఉంటాడు, లైసెన్సు తీసుకుని జింకల సీజన్‌లో వేటకెళ్తాడు. ముందు పది నిమిషాలు నవ్వాడు. “మంచు తుపాకీ కొబ్బరి తోటలో ఏటి బావా! కొంగ వాలినట్టుంటాది.” తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ల దగ్గర తుపాకీతో జింకల వేట సీజన్‌లో నారింజ రంగు పైబట్ట, టోపీ తప్పనిసరి, చట్టమే ఉంది, ఒక వేటగాడు ఇంకో వేటగాణ్ణి కాల్చేయకుండా. ఒంటి మీద అంత నారింజ వేసుకున్నవాడి చేతిలో తుపాకీ తెల్లగా ఉంటే ఏంటి, నల్లగా ఉంటే ఏంటి? జింకకి ఎరుపు, నారింజ మనకి కనిపించినట్టు కనిపించవు. దాని కంట్లో రంగు చూసే కణాలు రెండు రకాలే, మనకి మూడు. నీలం వైపు మాత్రం దాని చూపు చురుకు, అతినీలలోహిత కాంతి కూడా కొంత పట్టుకుంటుంది. మంచు ఆ కాంతిని బాగా తిప్పికొడుతుంది. తెల్ల రంగుల్లో ఎక్కువగా వాడే టైటానియం డయాక్సైడ్ దాన్ని మింగేస్తుంది. అంటే మన కంటికి మంచులో కలిసిపోయిన తెలుపు, ఆ కాంతి చూడగల కంటికి మంచు మీద మరకలా తేలొచ్చు. వీటన్నిటికంటే ముందు వాసన, కదలిక. గాలి తప్పు వైపు వీస్తే తుపాకీ ఏ రంగైనా జింక ఉండదు.

అసలు పనికిరాదా అంటే, కొంత పనికొస్తుందన్నాడు. నారింజ తప్పనిసరి కాని వేటల్లో, కొయెట్‌ల (తోడేలు లాంటి జంతువుల) కోసం తెల్లబట్టలు వేసుకుని మంచులో కదలకుండా కూర్చునేవాళ్ల ఒళ్లో నల్లటి తిన్నని గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందట. దానికి గుడ్డ టేపు చుట్టుకుంటారు, పని అయ్యాక విప్పేసి, తుడిచి, నూనె రాస్తారు. యుద్ధాల్లోనూ అంతే. 1939-40లో సోవియట్‌తో జరిగిన చలికాలం యుద్ధంలో ఫిన్లండ్ సైనికులు తెల్లటి పైబట్టలు తొడుక్కున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులకి సున్నంలాంటి తెల్లపూత పూసి, మంచు కరిగాక కడిగేసేవారు. అక్కడ తప్పించుకోవాల్సింది మనిషి కన్ను, పైగా అది నాలుగు నెలల ముచ్చట. శాశ్వతంగా అంటించి, ఏడాదంతా పచ్చగా ఉండే తోటలోకి ఇవ్వడం మన షాపులకే చెల్లింది. మాకు దక్కిందల్లా మధ్యాహ్నం ఎండ ఆ తెలుపు మీద పడి గురి చూసే కంట్లో కొట్టడం.

కొనేవాళ్లు ‘కోటింగ్’ అంటే నమ్మకండి. బ్యారెల్ కొస దగ్గర, ట్రిగ్గర్ గార్డు మలుపులో గోరు పెట్టి చూడండి, అంచు తగిలితే స్టిక్కరే. స్క్రూలు బయటికి కనబడుతున్నాయో లేదో చూడండి. తుప్పు పట్టదన్న మాట బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే అక్కడే అర్థమైపోతుంది. ఇంకోటి, ఇది రంగు కంటే పెద్ద ప్రమాదం: అదే కుర్రాడు “పాయింట్ టూటూ (0.22 బోరు) కూడా ఉంది సార్, దీనికీ లైసెన్సు అక్కర్లేదు” అన్నాడు. అబద్ధం. 0.177 దాటిన ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు కావాలి. లేకుండా దొరికితే కేసు మన మీద కూడా పడుతుంది.

స్టిక్కరంతా మేనకోడలే ఒక ఆదివారం కూర్చుని గీకేసింది. జిగురు పోవడానికి కిరసనాయిలు పట్టింది. తుప్పు మరకలు కొన్ని ఉండిపోయాయి, గురికి మాత్రం ఏ లోటూ లేదు. నేను 1915 నంబరు కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి బిల్లు, ఫొటోలు పెట్టి ఫిర్యాదు చేశాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు ఫిర్యాదుకి అక్కడ ఫీజు కూడా లేదు. ఫిర్యాదు వెళ్లిన నాలుగో రోజు షాపు నుంచి ఫోన్ వచ్చింది. డబ్బు తిరిగిస్తారేమో అనుకున్నాను.

“సార్, ఒకసారి తీసుకురండి. ఈసారి ఆకుపచ్చ కామో వేసిస్తాం.”