మెరిసే అల్లిక పైపు తీసేసి నల్ల రబ్బరు పైపు వేశాక

ఆటోమేటిక్ బండి గేరాయిల్ కూలర్‌కి స్టీలు అల్లిక పైపులు వేయించాలనుకునేవాళ్లు ముందు దాన్ని ఏదైనా అల్యూమినియం గిన్నె అంచుకేసి పది సార్లు రుద్ది చూడండి. అది పైపు కాదు, పొడవాటి ఆకురాయి.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా కొరాపుట్ తిరిగే డీజిల్ బండి. రేడియేటర్ ముందు అదనపు కూలర్, దానికి చివర్లలో ఫిట్టింగులు ప్రెస్ చేయించిన 3/8 అంగుళం అల్లిక పైపులు రెండు. మొదటి ఏడాది వంక పెట్టడానికి లేదు. ఫిట్టింగుల దగ్గర తడి లేదు, చూపుకీ బాగుంది. అడిగినవాళ్లందరికీ అదే వేయించమని చెప్పిన మాట నిజమే.

రెండో వానాకాలం దాటాక ఏసీ చల్లదనం తగ్గింది. గ్యాసు నింపితే వారం రోజులు, మళ్లీ మామూలే. బంపర్ విప్పితే, అల్లిక పైపు ఏసీ గొట్టాన్ని దాటే చోట నూనె తడికి దుమ్మంటుకుని నల్లటి మడ్డి పేరుకుని ఉంది. తుడిస్తే కింద ఏసీ గొట్టం మీద గోరు దిగేంత గాడి, గ్యాసు పోతున్నది అక్కడి నుంచే. ఘాట్‌లో గేరు పడినప్పుడల్లా ఇంజను మౌంట్ల మీద ఊగుతుంది, పైపూ కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. రబ్బరైతే తానే అరిగేది, స్టీలు తీగ ఎదుటిదాన్ని అరగదీసింది. తీగ కూడా ఒకటి రెండు పోగులు తెగి వేలికి ముల్లులా గుచ్చుకుంది.

అసలు తప్పు వంపులో ఉంది. కూలర్ నిపుల్ (పైపు తగిలించే కొస) దగ్గర ఉన్న జాగా బెత్తెడు. ప్రెస్ చేసిన మూతి ఎలాగూ వంగదు, ఆ తర్వాతే పైపు తిరగాలి. తిరగలేక బయటికి ఉబ్బి ఏసీ గొట్టం మీద ఆనుకుంది. పొక్లెయిన్ ఒత్తిడి తట్టుకునే పైపు ఇక్కడ దండగ. కూలర్ లైన్లో ఒత్తిడి తక్కువే, తట్టుకోవాల్సింది వేడిని.

ఇప్పుడున్నది మామూలు నల్ల పైపు, ఒంటి మీద ఎస్ఏఈ జె1532 అని, అంటే గేరాయిల్ కూలర్ పైపుల ప్రమాణం పేరు, అచ్చు ఉంటుంది. ఆ అచ్చు చదవకుండా కొనొద్దు. కౌంటర్లో ‘గేరాయిల్ పైపు’ అంటే హీటర్ పైపు కోసి ఇచ్చేస్తారు. అది నీళ్లకి పనికొచ్చే రబ్బరు, నూనె తగిలితే నానబెట్టిన పప్పులా ఉబ్బి మెత్తబడుతుంది. పొడవైన భాగమంతా స్టీలు గొట్టమే ఉంచి, చివర్లలోనే రబ్బరు వేయడం మేలు. గొట్టం కొస హాక్సా బ్లేడుతో కోసి వదిలేయకుండా అంచు ఉబ్బెత్తుగా చేయించాలి, క్లిప్పు ఆ ఉబ్బు దాటాక కూర్చోవాలి. ఉబ్బు లేని కొస నుంచి పైపు జారిందంటే గేరుబాక్సు పంపు నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు మీద పోసేస్తుంది. గాట్లున్న క్లిప్పులు రబ్బరుని కోస్తాయి, లోపలి వైపు నున్నగా ఉన్నవి దొరికితే అవే. ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక పావు తిప్పు బిగించాలి. 3/8 పైపు మీటరుకి సుమారు 70 మి.లీ. ఆయిల్ పడుతుంది, కూలర్లో పట్టేది వేరే. బండి నడిపి, కంపెనీ చెప్పిన వేడిలో లెవెల్ మళ్లీ చూడాలి.

మూడేళ్లు నడిచాక ఈ పైపు గురించి కూడా మరీ ఎక్కువ పొగడలేం. సైలెన్సర్ పక్కనున్న ముక్క గట్టిపడింది, వంచితే సన్నటి పగుళ్లు కనిపించాయి. అరమీటరు కోసి కొత్తది వేయాల్సి వచ్చింది. మిగతాది మెత్తగానే ఉంది. టెఫ్లాన్ లోపొర ఉన్న అల్లిక పైపు, పైన రబ్బరు తొడుగుతో, జాగా ధారాళంగా ఉన్న బండిలో బాగానే ఉండొచ్చు. ఈ బంపర్ వెనక ఆ జాగా లేదు, వారానికి రెండుసార్లు ఆ ఘాట్ తప్పదు. సైలెన్సర్ అవతలి వైపు ఉన్న బండైతే ఆ ముక్క ఇంకో ఏడాది ఆగేదేమో.