కారైకుడిలో పాత కొయ్య వెతుకులాట

తమిళనాడులో చెట్టినాడు ప్రాంతపు పట్టణమైన కారైకుడికి పాత కొయ్య సామాను కోసం వెళ్లేవాళ్లు ముందు ఒక పూట చెన్నై దగ్గరి ముట్టుకాడులో దక్షిణచిత్రకు కేటాయించుకోవాలి. 1996లో మొదలైన ఈ ప్రదర్శనశాలలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చెట్టినాడు ఇల్లు కూడా అందులో ఉంది. మంగళవారం సెలవు. ఆ ఇళ్లలో తిరిగితే తలుపు గడియను చేతులు ఎక్కడ తాకుతాయో, పెట్టె మూత ఏ మూల అరుగుతుందో కంటికి తెలిసివస్తుంది. దుకాణంలో బేరానికి కూర్చున్నప్పుడు నన్ను కాపాడింది ఆ పూట చూసిన చూపే.

చెన్నై ఎగ్మూరులో మధ్యాహ్నం పల్లవన్ రైలు ఎక్కితే రాత్రికి కారైకుడి. హాయిగా సాగే పగటి ప్రయాణం. బస సంగతికి వస్తే, దగ్గరి ఊరు కానాడుకాత్తాన్‌లో అతిథిగృహంగా మార్చిన పాత భవంతిలో రెండు రాత్రులకు గది తీసుకున్నాను. బర్మా టేకు స్తంభాలు, కాళ్లకు చల్లగా తగిలే ఆత్తంగుడి నేల పలకలు, గదిలోంచి కనిపించే నడిమి వాకిలి... అంత అందమైన గదిలో నేనెప్పుడూ పడుకోలేదు. అయితే స్టేషనుకు కారు పంపుతామన్నవాళ్లు పంపలేదు. ఫోను కూడా ఎత్తలేదు. రాత్రివేళ ఆటో దొరకడానికి చాలాసేపు పట్టింది. పైగా దుకాణాలున్న ఊరికి రోజూ పదిహేను కిలోమీటర్లు పోయి రావాలి. భవంతిని చూసిన ఆనందానికి ఒక్క రాత్రి చాలు. మిగతా రోజులు కారైకుడిలోనే మామూలు లాడ్జిలో దిగడం మేలని నా అభిప్రాయం.

ఇక మునీశ్వరన్ కోవిల్ వీధి. పాత సామాను దుకాణాలు వరసగా ఉంటాయి. బర్మాలోనూ ఇతర దేశాల్లోనూ వ్యాపారం చేసిన నగరత్తారు (చెట్టినాడు వర్తకులు) కుటుంబాలు కట్టిన పెద్ద పెద్ద ఇళ్లు, ఆ సంపద తరిగాక వారసుల మధ్య పంపకాలయ్యాయి. కొన్ని కూలాయి. ఆడపిల్లలకు సారెగా పెట్టి కొట్టుగదుల్లో దాచిన పెట్టెలు, భరిణెలు, కొయ్య గరిటెలు అలా ఈ వీధికి చేరాయి. దుకాణాల లోపల చీకటి, టార్చిలైటు తప్పనిసరి. కొనడానికి తొందరపడకుండా మొదటి రోజంతా తిరిగి చూడటమే మంచిది.

ఒకచోట మరపాచి (పిల్లలు ఆడుకునే కొయ్య) బొమ్మల జంట చూపించి నూట యాభై ఏళ్లవన్నారు. తిరగేసి చూశాను. అడుగు కూడా ముఖమంత నున్నగా, అదే రంగులో ఉంది. ఎంతోమంది పిల్లలు ఆడుకున్న బొమ్మకు ముక్కు, భుజాలు అరిగి ఉండాలి; ఎవరూ తాకని అడుగు పొడిబారి ఉండాలి. పురుగు రంధ్రాలన్నీ ఒకే కొలతలో, తిన్నగా లోపలికి దిగి ఉన్నాయి. నిజమైన పురుగు లోపల వంకరటింకరగా తొలుస్తుంది. నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

పక్క వీధిలోని చిన్న దుకాణంలో పెద్దాయన తీరు వేరు. నేను ముచ్చటపడిన గుర్రం బొమ్మను ఆయనే వెలుతురులోకి తెచ్చి, "కొయ్య పాతది, పని కొత్తది" అన్నారు. పైన కాలువలా తెరుచుకున్న పురుగు బాట మీద వేలు పెట్టి చూపించారు. పురుగు తొలిచిన తర్వాత ఎవరో ఆ దూలాన్ని కోసి చెక్కారన్నమాట. అమ్ముడుపోయే సరుకును అలా వదులుకున్న మనిషి దగ్గరే కొనాలనిపించింది. మడత వామనగుంటల పీట తీసుకున్నాను. పద్నాలుగు గుంటలూ చేత్తో తొలిచినవే, ఏ రెండూ ఒకే లోతులో లేవు. మేకుల చుట్టూ ఇనుము తుప్పు కొయ్యలోకి ఇంకి నల్లబడింది. రెండు వేల ఎనిమిది వందలు ఇచ్చాను. అంతకు తగిన వస్తువే. ఒక కుంకుమ భరిణె కూడా కొన్నాను.

గుడి రథాల నుంచి ఊడదీసిన దేవతామూర్తుల పలకలు కూడా చూపిస్తారు. అవి ముట్టుకోకండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు పురావస్తువులు. వాటిని అమ్మడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, చెక్కిన కొయ్య శిల్పాలకు నమోదు కూడా ఉంది. చట్టం మాట అటుంచినా, ఊరంతా కలిసి లాగిన రథంలో ముక్క నా గోడకు తగిలించుకోవడానికి నాకు మనసు రాదు.

పీటను చేతిసంచిలో తెచ్చుకున్నాను. భరిణెను పార్సిలులో పంపడం నా పొరపాటు. మూతను విడిగా చుట్టమని చెప్పలేదు, దాని పిడి విరిగి వచ్చింది. పార్సిలు చేయిస్తే మూతలు, పిడులు, చక్రాలు దేనికది గుడ్డలో చుట్టించండి, దగ్గర నిలబడి చూడండి.

ఇంటికి వచ్చాక పీట నుంచి సన్నటి పొడి రాలింది. లోపల పురుగు బతికే ఉంది. నీళ్లు, నూనె ఏవీ తగలనీయకుండా పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి రెండు వారాలు ఫ్రీజరులో ఉంచాను. తీశాక మామూలు వేడికి వచ్చేదాకా సంచి విప్పలేదు, తొందరపడి విప్పితే కొయ్యకు చెమ్మ పడుతుంది. ఇప్పుడు నల్ల కాగితం మీద పెట్టి రోజూ చూస్తున్నాను. మూడు వారాలైంది, పొడి రాలలేదు. చింతగింజలు పోగుచేయడం మొదలుపెట్టాను.