హాఫ్‌వే విజిట్: విడిగా మాట్లాడే ఆ పదిహేను నిమిషాలు

బ్రిటన్‌లో ఆక్యుపేషనల్ థెరపీ (రోగులు రోజువారీ పనులు తామే చేసుకునేలా తోడ్పడే చికిత్స) ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లలో నాలుగు ప్లేస్‌మెంట్లు (రోగులతో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలు), 1000 గంటలకు పైగా పని, నాలుగు హాఫ్‌వే విజిట్లు పూర్తయ్యాక ఈ సమీక్ష రాస్తున్నాను. ప్లేస్‌మెంటు సగానికి వచ్చినప్పుడు విశ్వవిద్యాలయం నుంచి ట్యూటర్ వచ్చి మాట్లాడే ఈ ఏర్పాటులో, నా దృష్టిలో, విలువైన భాగం ఒక్కటే: ఎడ్యుకేటర్ (ప్లేస్‌మెంటులో మా పనిని పర్యవేక్షించే థెరపిస్టు) గదిలో లేకుండా ట్యూటర్ విద్యార్థితో విడిగా గడిపే పదిహేను నిమిషాలు. మిగతాది చాలావరకు ఫారాలు సరిచూసుకోవడమే.

ఆ సంగతి నాకు రెండో ప్లేస్‌మెంటులో, పక్షవాతం వార్డులో తెలిసివచ్చింది. విజిట్‌కు ముందురోజు ఎడ్యుకేటర్ నా మధ్యకాల నివేదికలో ‘చొరవ లేదు, ఆలోచనాక్రమం కనిపించడం లేదు’ అని రాశారు. మా కోర్సులో ఒక ప్లేస్‌మెంటు రెండుసార్లు తప్పితే ఇంటిదారి పట్టవలసిందే కనుక, ఆ రాత్రంతా వీసా, బ్యాంకు అప్పు కళ్లముందు మెదిలాయి. మర్నాడు ట్యూటర్ నివేదిక జోలికి పోకుండా, రోగి చేత టీ చేయించి చూసే వంటగది పరీక్షలో నేనేం గమనించానని అడిగారు. టీ చేసుకుంటున్న పెద్దాయన ఎడమవైపున్న పాలసీసాను చూడనేలేదనీ, కప్పును కుడి అంచుకే జరుపుకున్నారనీ, చేతి బలహీనత కన్నా ఎడమవైపును మెదడు పట్టించుకోకపోవడమే ఆయన అసలు ఇబ్బందిగా తోచిందనీ చెప్పాను. అది ఎడ్యుకేటర్‌కు ఎందుకు చెప్పలేదన్నారు. ‘ఆవిడ అడగలేదు కదా’ అన్నాను. విజయవాడలో ఫిజియోథెరపీ చదివినంతకాలం, పెద్దవారు అడగనిదే నోరు విప్పకపోవడం మర్యాద. ఇక్కడ అదే అజ్ఞానంగా నమోదైంది.

తరువాత ముగ్గురం కూర్చున్నప్పుడు ఒక చిన్న ఒప్పందం కుదిరింది. ప్రతి రోగిని చూశాక ఐదు నిమిషాలు ముందు నేను మాట్లాడాలి, ఆపైన ఆవిడ మాట్లాడాలి. అంతే. మిగిలిన వారాల్లో ఆవిడ అభిప్రాయం మారింది, నేను పాసయ్యాను.

అలాగని ట్యూటరే నన్ను గట్టెక్కించారని అనలేను. పాసు, ఫెయిలు తేల్చేది ఎడ్యుకేటరే, ఆవిడ ఓపికమంతురాలు కావడం నా అదృష్టం. పైగా ఆ విజిట్ ఎనిమిది వారాల్లో ఐదో వారం చివర జరిగింది. సరిదిద్దుకోవడానికి మిగిలింది మూడే వారాలు. చివరి ప్లేస్‌మెంటులోనైతే విజిట్ వీడియో కాల్‌లో నడిచింది. ఇరుకు ఆఫీసులో ఎడ్యుకేటర్ పక్క కుర్చీలోనే ఏదో టైపు చేసుకుంటూ ఉండగా, నేను ‘అంతా బాగుంది’ అని మూడుసార్లు అన్నాను. నిజానికి ఏదీ బాగాలేదు.

కాబట్టి నా సిఫారసు నాలాంటి పరిస్థితిలో ఉన్నవారికే: కొత్త దేశం, అప్పు, అడగనిదే మాట్లాడలేని స్వభావం. తోచింది తోచినట్లు చెప్పగలిగే నా సహవిద్యార్థిని ఒకామెకు ఇది వట్టి తంతు. పనులకు అడ్డమని తన విజిట్‌ను వాయిదా వేయించుకుంది. నేనేమో ఆ పక్షవాతం వార్డు తరువాత ప్రతిసారీ విజిట్‌ను మూడో వారానికి జరపమని మెయిల్ పెట్టాను, ఒక్కసారే ఒప్పుకున్నారు.