ఫీజు తీసుకోని లాయర్‌కి నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, మా తమ్ముడు చేసింది తప్పే. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. ఆ అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు. వాణ్ణి విడిపించమని నేను ఎవరి గడపా తొక్కలేదు. నేను తిరిగిందంతా కింది కోర్టు వేసిన ఇరవై ఏళ్ల శిక్ష గురించే.

మొదట ఒక ప్రైవేట్ లాయర్‌ని పట్టుకున్నాం. పేరెందుకులెండి. వడ్లు అమ్మిన డబ్బులో 80 వేలు అడ్వాన్సు ఇచ్చా. హైకోర్టుకి అప్పీల్ గడువు 60 రోజులు. ఆయన గుమస్తా రేపు రేపంటూ 41వ రోజు దాకా లాగాడు. టెన్షన్ తట్టుకోలేక వెళ్లి చూస్తే, తీర్పు కాపీకి నేను వేసిన రబ్బరు బ్యాండు వేసినట్టే ఉంది.

జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారని ములాఖత్‌లో తమ్ముడే చెప్పాడు. ఉచిత న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేశా. వాడి అర్జీ జైలు నుంచే వెళ్లింది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ఒక మేడమ్‌ని ఇచ్చింది.

ఆవిడ అడిగిన మొదటి మాట, "ఘటన ఏ తేదీన జరిగింది?"

2019 మార్చి అన్నా. ఛార్జిషీట్లో ఆ తేదీ కింద పెన్సిల్‌తో గీత గీశారు. పదహారేళ్లలోపు పిల్లల కేసులో కనీసం 20 ఏళ్లు వేయాలన్న సవరణ పోక్సోలో అమల్లోకి వచ్చింది 2019 ఆగస్టు 16న. అంతకుముందు పోక్సోలో కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం యావజ్జీవం. నేరం నాటికి లేని పెద్ద శిక్ష వేయకూడదని రాజ్యాంగం ఆర్టికల్ 20(1)లోనే ఉందట. "పాత చట్టం ప్రకారం కూడా ఇరవై వేయొచ్చండీ. వేసి తీరాలని మాత్రం లేదు. కింది కోర్టులో వేరే దారి లేదనుకుని వేశారు. ఏడుకి దిగుతుందని ఆశ పెట్టుకోకండి" అని మొహం మీదే చెప్పేశారు. నాకు నచ్చింది అదే.

నేరం మీద కూడా వాదించాలా, శిక్ష మీదేనా అని తమ్ముణ్ణే అడిగి రాయించుకున్నారు. వాడు శిక్ష మీదే అన్నాడు.

హైకోర్టులో నేరం ఖాయం చేసి, శిక్ష 10 ఏళ్లకి తగ్గించారు. రిమాండ్‌లో ఉన్న ఎనిమిది నెలలు అందులోంచి పోతాయి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మేడమ్ ఫోన్ ఎత్తరు. మెసేజ్ పెడితే రెండు రోజులకి "నోటెడ్" అని వస్తుంది. వెళ్లేవాళ్లు ఛార్జిషీట్ జిరాక్స్ రెండు సెట్లు పట్టుకెళ్లండి.