12400 పక్కన ఎఫ్ లేకపోవడం: మూడేళ్ల పెళ్లి ఎడిటింగ్ తర్వాత

నా ఎడిటింగ్ సిస్టమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, నేను కావాలని కొననిది. ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న గ్రాఫిక్స్ అది. పేరు యూహెచ్‌డీ 730. గేములు ఆడేవాళ్లెవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు. నాకు మాత్రం మూడేళ్లుగా అన్నం పెడుతున్నది అదే.

2022 ఆషాఢంలో పెళ్లిళ్లు లేని రోజులు చూసుకుని ఖమ్మం నుంచి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-12400 అడిగితే కౌంటర్ దగ్గరి కుర్రాడు వెంటనే, "అన్నా, ఇయ్యాల కాకుంటే రేపైనా కార్డు ఏస్తవ్ కదా, ఎఫ్ తీస్కో. దగ్గర దగ్గర రెండు వేలు మిగుల్తయ్" అన్నాడు. 12400ఎఫ్ అంటే అదే ప్రాసెసర్, అవే ఆరు కోర్లు, లోపల గ్రాఫిక్స్ మాత్రం పనిచేయదు. అతని మాట న్యాయంగానే ఉంది. కానీ నా దగ్గర విడిగా గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు లేదు. ఎఫ్ తీసుకుంటే కార్డు కొనేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు. ఆ ఒక్క కారణంతో ఎఫ్ లేనిది తీసుకున్నాను. ముందుచూపుతో తీసుకున్నానని చెప్పుకోలేను.

మిగతావి అందరూ వేసేవే. డీడీఆర్4 పట్టే బీ660 బోర్డు, 8+8 ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ర్యామ్ విషయంలో ఒక్కటే చెబుతాను. 16 జీబీ ఒకే స్టిక్‌గా కొనకండి. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే కాబట్టి రెండు స్టిక్కులుంటే దానికి ఊపిరాడుతుంది.

ఇక అసలు సంగతి. మా క్యాండిడ్ కుర్రాడు సోనీ ఏ7 ఫోర్ కెమెరాలో 4కే, హెచ్.265 (వీడియోను కుదించి దాచే పద్ధతి), 10 బిట్, 4:2:2లో తీస్తాడు. మామూలు 4:2:0 ఫుటేజ్‌లో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక రంగు నమూనా ఉంటుంది. 4:2:2లో రెండింటికి ఒకటి. ఎర్ర పట్టుచీర మీద బంగారు జరీ అంచు దగ్గర, బుగ్గన చుక్క దగ్గర కలర్ లాగినప్పుడు ఈ తేడా కనిపిస్తుంది. అందుకే అతన్ని అలాగే తీయమంటాను. చిక్కల్లా ఏమిటంటే, ఈ రకం హెచ్.265ని హార్డ్‌వేర్‌లోనే విప్పే, అంటే డీకోడ్ చేసే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కు 11వ తరం నుంచే ఉంది. ఎన్విడియా కార్డులకు 50 సిరీస్ వచ్చేదాకా లేదు. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు.

మొదటి ఏడాది కార్డు లేకుండానే గడిచింది. కలర్ వేస్తే ప్రివ్యూ నీరసంగా కదిలేది, నాయిస్ తీసే ఎఫెక్ట్ పెడితే ఎక్స్‌పోర్ట్‌కు రాత్రంతా పట్టేది. కానీ పచ్చి క్లిప్పులు మాత్రం టైమ్‌లైన్ మీద చక్కగా ఆడేవి. కట్ చేసే పనికి ఇబ్బందే లేదు.

2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢంతో కలిపి రెండు నెలల ఖాళీ. ఆ ఖాళీలో అప్పు చేసి ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది వేశాను. నిజ శ్రావణంలో మొదటి పెళ్లి ఫుటేజ్ కాపీ చేసుకుని కూర్చున్నాను. తలంబ్రాల క్లిప్ మీద స్పేస్ బార్ నొక్కితే పెళ్లికూతురు చెయ్యి పైకి లేచి అక్కడే ఆగిపోయింది. మంగళవాయిద్యం మోగుతూనే ఉంది. రెండు క్షణాల తర్వాత బొమ్మ ఒక్క గెంతు గెంతింది, అప్పటికే బియ్యం పెళ్లికొడుకు తల మీద ఉన్నాయి. నేను వెతుకుతున్నది ఆ మధ్యలో ఆమె నవ్విన నవ్వు. అది ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక్కో ఫ్రేమే బాణం మీటతో జరపాల్సి వచ్చింది.

కార్డు లేనప్పుడు ఆడిన క్లిప్పులు కార్డు వేశాక ఆడకపోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. కార్డే లోపమేమో అనుకుని తీసి మళ్లీ గుచ్చాను. డ్రైవర్ మార్చాను. విండోస్ కొత్తగా వేశాను. ర్యామ్ చాలదేమోనని ఇంకో 16 జీబీ కొన్నాను. కార్డు అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే "ప్రాసెసర్ చిన్నదైంది, ఐ7కి పోవాలి" అన్నారు. మూడు వారాలు ప్రతి క్లిప్‌కూ ప్రాక్సీలు, అంటే తేలిగ్గా ఆడే చిన్న నకళ్లు, చేసుకుంటూ పని నడిపాను. ఫుటేజ్ రాత్రి పెట్టి పడుకుంటే, మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ దిగిపోయి, పొద్దున చూస్తే సగంలో ఆగి ఉండేది. పార్టీ వాళ్లు టీజర్ ఎప్పుడని ఫోన్ల మీద ఫోన్లు.

ఒక రాత్రి ఊరికే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూస్తున్నాను. క్లిప్ ఆడిస్తే ప్రాసెసర్ గ్రాఫ్ పైకప్పుకు అంటుకుంది. కార్డు గ్రాఫ్‌లో వీడియో డీకోడ్ అనే చిన్న గడి సున్నా దగ్గర పడుకుని ఉంది. అప్పుడు కంటపడింది: జీపీయూ 0 అని ఒక్కటే ఉంది, దాని కింద 3060 పేరు. ఏడాదిపాటు అక్కడ ఇంటెల్ పేరు చూసినవాణ్ణి. ఆ పేరు ఏమైంది?

రీస్టార్ట్ చేసి డెల్ నొక్కి, బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లాను. ఇంటర్నల్ గ్రాఫిక్స్ అన్నచోట ఆటో అని ఉంది. విడిగా కార్డు గుచ్చగానే బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ను తనంతట తానే ఆపేసింది. చాలా బోర్డుల్లో ఇంతే. కొన్నిట్లో ఇదే సెట్టింగ్ మల్టీ మానిటర్ అనే పేరుతో ఉంటుంది. ఎనేబుల్డ్ అని మార్చి సేవ్ చేశాను. మానిటర్ వైరు కార్డుకే ఉంచాను. విండోస్‌లోకి వచ్చి ఇంటెల్ డ్రైవర్ వేశాను. నేను ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియాలోకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్ గడిలో టిక్ ఉందో లేదో చూసుకుని, మూసి మళ్లీ తెరిచాను.

స్పేస్ బార్ నొక్కాను. చెయ్యి లేచింది, బియ్యం జారాయి, ఆమె నవ్వింది, అంతా ఒక్క ఊపులో. టాస్క్ మేనేజర్‌లో ఇప్పుడు రెండు పేర్లున్నాయి. ఇంటెల్ వైపు వీడియో డీకోడ్ గ్రాఫ్ లేచి నిలబడింది, ప్రాసెసర్ గ్రాఫ్ కిందికి దిగింది. మూడు వారాలుగా గోల పెడుతున్న ఫ్యాను చప్పుడు తగ్గిపోయింది. రాత్రి ఒంటిగంట దాటింది. పక్కగదిలో నిద్రపోతున్న మా ఆవిణ్ణి లేపి చూపించాను. "ఇందుకా ఇన్నాళ్లూ కార్డును తిట్టావు?" అంది.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. క్లిప్ విప్పేది లోపలిది, కలర్, నాయిస్, ఎఫెక్టులు చూసుకునేది 3060. ఆ రోజు సీటీసీలో రెండు వేలు మిగుల్చుకుని ఉంటే, 3060తో పాటు నాకు దొరికేది ఆ గెంతే బొమ్మే.

ఈ మెచ్చుకోలుకు హద్దులున్నాయి, అవీ చెప్పాలి. యూహెచ్‌డీ 730లో వీడియో విప్పే ఇంజిన్ ఒక్కటే. రెండు కెమెరాల ఫుటేజ్‌ను ఒకేసారి ఆడించే మల్టీక్యామ్ దాకా నాకు లాగుతుంది. రిసెప్షన్ పెద్దదై మూడో కెమెరా, పైన డ్రోన్ కలిస్తే తడబడుతుంది, అప్పుడు ఇవాళ్టికీ ప్రాక్సీలే గతి. రెండోది, ఇది హెచ్.265 4:2:2కే. అదే సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే రికార్డింగ్ ఫార్మాట్ పెట్టి హెచ్.264లో 4:2:2 తీస్తే ఈ లోపలి గ్రాఫిక్స్ చేయి వేయదు, భారమంతా మళ్లీ ప్రాసెసర్ మీదే. అందుకే షూట్‌కు ముందు మా కుర్రాడికి హెచ్.265లో తీసే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ పెట్టమని ఫోన్ చేస్తాను. బయటి కెమెరామన్ వస్తే ఒక్కోసారి మర్చిపోతాడు, ఆ పెళ్లి నాకు రెండు రోజులు ఎక్కువ పని.

ఇంకొకటి మనసులో ఉంది. అదే తరంలో ఐ5-12500 కూడా ఉండేది. దానిలో యూహెచ్‌డీ 770, ఇంజిన్లు రెండు. కోర్లు ఇన్నే కదా, ఎక్కువ ఎందుకు పెట్టాలని ఆ రోజు దాని వైపు చూడనే లేదు. ఇప్పుడైతే ఆ నాలుగు డబ్బులు పెట్టేవాణ్ణి.

ఎవరైనా కొత్తగా బిగించుకుంటామని అడిగితే ముందు నేను అడిగేది మీ కెమెరా ఏం తీస్తుందని. ఫోన్‌తోనో, 8 బిట్ 4:2:0 కెమెరాతోనో తీసేవాళ్లకు నేను రాసిందంతా అక్కర్లేదు, ఎఫ్ తీసుకున్నా వాళ్ల పని ఆగదు. 50 సిరీస్ కార్డు కొనే స్తోమత ఉంటే ఆ కార్డే 4:2:2 విప్పుతుంది, అక్కడా ఎఫ్ బెంగ లేదు. రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మీద పనిచేసేవాళ్ల లెక్కలు వేరు, నాది ప్రీమియర్ అనుభవం. నాలాగా పాత కార్డు, 4:2:2 ఫుటేజ్, తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లకైతే ఎఫ్ లేనిదే తీసుకోమని గట్టిగా చెబుతాను.

నా బోర్డు సాకెట్ ఎల్‌జీఏ 1700 కాబట్టి బయోస్ అప్‌డేట్ చేస్తే ఐ5-13500 కూడా పడుతుంది. దానిలోనూ 770నే. వచ్చే ఆషాఢంలో సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుందేమో చూడాలి. ఈసారి అడిగేది ధర కాదు, ముందు మూత మీద అంకె పక్కన ఏముందో.