వంటింటి టైమర్‌తో హోంవర్కు: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తానండి: ఈ టైమర్ పిల్లల చేత చదివించదు. పుస్తకం తెరిపిస్తుంది, అక్కడితో దాని పని సరి. మా ఇంట్లో తెగనిది కూడా ఆ తెరవడమే కాబట్టి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ తగ్గిన ఒక్కటి ఎందుకో కింద చెప్తాను.

వస్తువు చిన్నదే. అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా, చుట్టూ అరవై నిమిషాల గీతలు, లోపల స్ప్రింగు. బ్యాటరీ ఉండదు. తిప్పి వదిలితే టిక్కుటిక్కుమని వెనక్కి వచ్చి గంట కొడుతుంది. కేకులు చేసుకునేవాళ్ల కోసం అమ్మే సరుకే. 2021 ఆగస్టులో బడులు మళ్లీ తెరిచాక ఆన్‌లైన్‌లో తెప్పించాను, మూడు వందల లోపే పడింది. అప్పటికి మా పెద్దాడు ఆరో తరగతి. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని ఫోను చేతికి అలవాటైపోయింది. మాది కోనసీమలో రాజోలు పక్క. బడి నుంచి వచ్చి ఏదో తిని, కాలువ గట్టు మీద ఆటకి పోయి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఏడు. ఏడింటికి మా అత్తగారి సీరియల్. అక్కణ్ణించి "తర్వాత రాస్తానమ్మా" మొదలయ్యేది. ఆ "తర్వాత" వచ్చేది ఏ తొమ్మిదిన్నరకో, ఏడుపుతో.

ఈ ఆలోచన నాది కాదు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే కాలేజీ కుర్రాడు చదువు మీద మనసు నిలవక, వంటింట్లోని టమాటా ఆకారం టైమరు తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం వేసుకున్నాడట. అదే పెరిగి పెరిగి పొమొడోరో పద్ధతి అయింది: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, అలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. అందరూ ఆ 25 దగ్గరే మొదలుపెడతారు. ఆరో తరగతి పిల్లాడికి అది ఎక్కువ. మేం పదితో మొదలుపెట్టి, వాడు ఎనిమిదిలోకి వచ్చాకే పాతికకి వెళ్లాం. ఐదో తరగతి చదివే మా చిన్నదానికి ఈ రోజుకీ పదే. దాంతో బేరం కుదిరేది పది దగ్గరే.

ఎందుకు పనిచేసిందో నాకు వాణ్ణి గమనించాక తెలిసింది. పెద్దాడు తెలుగు ఎప్పుడూ వాయిదా వేయలేదు. సోషల్ మ్యాపులైతే చెప్పకుండానే రంగులు వేసుకునేవాడు. వాయిదా అంతా లెక్కలకే, అందులోనూ బీజగణితానికి. బద్ధకమైతే అన్నిటికీ ఉండాలి కదా! సిరోయిస్, పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2013లో రాసిందీ ఇదే: వాయిదా వేసేవాడు పని నుంచి కాదు, ఆ పని తలుచుకుంటే వచ్చే చిరాకు నుంచి, భయం నుంచి తప్పించుకుంటున్నాడు. "లెక్కలన్నీ చేసెయ్" అంటే వాడి మొహం మాడిపోయేది. "గంట కొట్టేదాకా చెయ్, ఎన్నయితే అన్నే" అంటే కూర్చునేవాడు. నావని ఒడ్డు నుంచి నెట్టడమే బరువు, నీళ్లలోకి దిగాక అదే పోతుంది. చాలాసార్లు గంట మోగినా ఆపేవాడు కాదు. మోగగానే పెన్ను కింద పెట్టాలని సిరిల్లో పట్టుబడతాడు కానీ, లెక్క సగంలో ఉన్న పిల్లాణ్ణి లేపడం నాకు నచ్చలేదు. మా ఇంట్లో లెక్క తేలాకే విరామం.

విరామం సంగతి ఎవరూ సరిగా చెప్పరు. ఐదు నిమిషాలు టీవీ ముందు కూర్చుంటే అది ఐదు కాదు. పెరట్లోకి వెళ్లి దూడకి నాలుగు గడ్డిపరకలు వేసి రావడం, మంచినీళ్లు తాగడం, అంతే. కూర్చుని చేసేదేదీ విరామంలో ఉండకూడదని నా లెక్క.

ఇక ఫోను. అసలు గొడవంతా ఇదే, దీనికి ఏ టైమరూ మందు కాదు. ఈ రోజుల్లో హోంవర్కు వచ్చేదే వాట్సాప్ గ్రూపులో. మేడంగారు బోర్డు ఫొటో పెడతారు, దాని కింద ముప్పైమంది తల్లుల "ఓకే మేడం"లు, మధ్యలో ఎవరో పంపిన రీలు. హోంవర్కు చూడ్డానికని తీసుకున్న ఫోను అరగంటకి గానీ కిందికి దిగదు. మేం కనిపెట్టిన ఉపాయం చాలా మోటుది. టైమరు తిప్పే ముందే ఆ ఫొటో చూసి, చెయ్యాల్సినవన్నీ పలక మీద రాయాలి. అవును, పలకే, చిన్నదాని పాతది. రాయగానే ఫోను మా అత్తగారి గదిలో బీరువా మీదికి పోతుంది. సైలెంటులో పెట్టి బల్ల మీదే ఉంచితే చాలదా అని మా ఆయన వాదించారు. చాలదండి. టెక్సస్ యూనివర్సిటీకి చెందిన ఏడ్రియన్ వార్డ్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఫోను పక్క గదిలో పెట్టినవాళ్లు బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే మెరుగ్గా చేశారు, మోగకుండా ఉన్నా సరే. తర్వాత చేసి చూసిన కొందరికి అంత తేడా కనబడలేదంటారు. మా ఇంట్లో మాత్రం కనబడింది. మామ్మని లేపి ఫోను అడగాలంటే వాడికి మొహమాటం, నాకు కావలసింది ఆ మొహమాటమే.

మధ్యలో ఫారెస్ట్ యాప్ కూడా వాడాం. తైవాన్ వాళ్లది, 2014లో వచ్చింది. మనం ఫోను ముట్టుకోకుండా ఉంటే తెర మీద చెట్టు పెరుగుతుంది, వేరే యాప్‌లోకి వెళ్తే ఎండిపోతుంది. కూడబెట్టిన నాణేలతో నిజం మొక్కలు కూడా నాటించవచ్చు. కాలేజీ పిల్లలకి, ల్యాప్‌టాప్‌తో పనిచేసేవాళ్లకి బాగానే ఉంటుంది. మావాడు పుస్తకం మూసి చెట్టు ఎంత పెరిగిందో చూస్తూ కూర్చున్నాడు. ఎన్ని నాణేలకి ఏ చెట్టు వస్తుందో కంఠతా వచ్చేసింది. తీసేశాను.

మర టైమరు నిజంగా ఎక్కువ మార్కులు కొట్టింది 2022 జులైలో. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన గోదావరి వరద అది. ఏటి మధ్య లంకలు మునిగాయి, బడులు మూశారు, మా వీధిలో కరెంటు వచ్చేదీ పోయేదీ తెలీదు. చార్జింగు లైటు కింద అదే పది నిమిషాల లెక్కన పిల్లలు కూర్చున్నారు. బయట వాన చప్పుడులో కూడా గంట వినబడింది. సంక్రాంతి సెలవుల్లో మాత్రం దీన్ని బయటికి తీయొద్దు. కనుమ నాడు మా కోనసీమ జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే పిల్లాడి ముందు ఏ గంటా పనిచేయదు. సెలవు హోంవర్కు భోగికి ముందే ఎంతయితే అంత లాగించేయడం మేలు.

ఇక ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గిందంటే: పదికి తిప్పి వదిలితే గంట సరిగా మోగదు. పూర్తిగా చివరిదాకా తిప్పి, వెనక్కి పదికి తెచ్చుకోవాలి. ఇది డబ్బా మీద ఎక్కడా రాయలేదు. ఉప్పుగాలికి వెనక అయస్కాంతం తుప్పు పట్టి ఫ్రిజ్ మీద మరక చేసింది. ఇప్పుడు స్ప్రింగు వదులై పాతిక కాస్తా ఇరవై ఏడు దాకా సాగుతోంది. పిల్లలకి తెలుసు, నాకూ తెలుసు, ఎవరం పైకి అనం. చిన్నది పుస్తకం బదులు ముల్లునే చూస్తుండేది, అందుకని మొహం గోడవైపు తిప్పి పెడుతున్నాను. మా అత్తగారికి మొదట్లో గంట మోగినప్పుడల్లా కంగారే: "అమ్మాయ్, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది చూడు!"

పెద్దాడు ఇప్పుడు పదో తరగతి. పాత ప్రశ్నపత్రాలు రాసేటప్పుడు టైమరు పక్కన పెట్టేశాడు, పెట్టాలి కూడా. పబ్లిక్ పరీక్ష 9.30 నుంచి 12.45 దాకా ఏకబిగిన కూర్చునేది, పాతిక నిమిషాలకోసారి లేచే అలవాటుతో వెళ్తే అక్కడ దెబ్బతింటాడు. వాడికి గోడ గడియారం చాలు, డబ్బా చిన్నదానికి దక్కింది.

కొనేవాళ్లు వీలైతే స్టీలు సామాన్ల కొట్లో చేత్తో తిప్పి, గంట విని తీసుకోండి. దొరక్కపోతే మామూలు అలారం గడియారమైనా పెట్టుకోండి గానీ ఫోను అలారం వద్దు. దాన్ని ఆపాలంటే ఫోను చేతిలోకి తీసుకోవాలి మరి.